నాలుగు మైకులే ఉంటే బ్యాండ్ మొత్తాన్ని ఒకేసారి రికార్డు చేసేదెట్లా

మా తిరుపతిలో బ్యాండు పెట్టుకున్న పిల్లోళ్లు మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే, అన్నా ఏ మైకు కొనాల అని. డ్రమ్స్ ఉండాది, బేస్ ఉండాది, ఒక గిటారు, ఒక కీబోర్డు, పాడే అమ్మాయో అబ్బాయో, అది చాలదన్నట్టు ఈ మధ్య ఫ్యూజన్ అని చెప్పి పలకలు కొట్టే ఆయన్ని కూడా పిలుచుకొస్తా ఉండారు. చేతిలో చూస్తే సొంత మైకులు రెండు, అరువు మైకులు రెండు. నేను చెప్పేది ఏందంటే ఇంకో మైకు కొనే ముందు మనుషుల్ని జరిపి చూడండి. ఎవరు యాడ కూర్చున్నారు, యాంప్ ఎటు తిరిగుండాది, డ్రమ్స్ గోడకి ఎంత దూరంలో ఉండాది, ఇవి సరిచేస్తే వచ్చే తేడా కొత్త మైకు కొన్నా రాదు, పైగా దీనికి దుడ్లు అక్కర్లేదు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1925లో కరెంటు మైకులతో రికార్డింగు మొదలయ్యేదాకా గ్రామఫోను రికార్డులు దాదాపు అన్నీ బాకా ముందర చేసినవే. వాల్యూము తిప్పేదానికి మీట లేదు, తర్వాత సర్దుకుందాంలే అనేదానికి లేదు. పాడేవాళ్లు బాకాకి దగ్గరగా నిలబడేది, సద్దు ఎక్కువుండే వాద్యాన్ని వెనక్కి పంపేది, అంతే, మిక్సింగ్ మొత్తం నేల మీదే అయిపొయ్యేది. మన దగ్గర నాలుగు మైకులు ఉండాయి కాబట్టి వాళ్లకంటే మనం షావుకార్లమే.

ముందు సామాను చూసుకుందాం. జూమ్ హెచ్4ఎన్, హెచ్5 మాదిరి రికార్డరు ఉంటే దాని నెత్తి మీద రెండు మైకులు ఉంటాయి, కింద ఇంకో రెండు మైకులు గుచ్చుకునేదానికి ఉంటాది, మొత్తం నాలుగు ట్రాకులు వేరేవేరేగా వస్తాయి, ఇట్లాంటి పనికి అది చానా మంచిది. ల్యాప్‌టాప్‌కి పెట్టుకునే రెండు చానళ్ల ఇంటర్ఫేస్, అంటే మైకు సద్దుని కంప్యూటర్లోకి పంపే పెట్టె, ఉంటే రెండే ట్రాకులు. కొంతమంది సౌండు సర్వీసు నించి యూఎస్బీ ఉండే మిక్సరు తెస్తారు, ఎనిమిది మైకులు పడతాయన్నా అని సంబరపడతారు గానీ అట్లాంటి చిన్న మిక్సర్లలో చానామటుకు ఎన్ని గుచ్చినా కంప్యూటర్లోకి పొయ్యేది ఎడమ కుడి రెండే, అన్నీ కలిసిపోయి పోతాయి, తర్వాత డ్రమ్స్ ఒక్కదాన్నే తగ్గిద్దామంటే కుదరదు. తెచ్చే ముందే అడిగి తెలుసుకోండి.

మైకుల్లో రెండు రకాలు అని అందరికీ తెలిసిందే, డైనమిక్ ఒకటి, కండెన్సర్ ఒకటి. డైనమిక్ మొరటుది, ఎంత సద్దు చేసినా తట్టుకుంటాది, దగ్గర పెట్టాల. కండెన్సర్ సున్నితం, దూరంగా ఉన్నవి కూడా స్పష్టంగా పట్టుకుంటాది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరులోనే పొయ్యే కరెంటు, ఇస్తేనే పనిచేస్తాది. షూర్ ఎస్ఎమ్57, ఎస్ఎమ్58 అని మీరు వినేవి రెండూ డైనమిక్కే, 57 వచ్చింది 1965లో, 58 వచ్చింది 1966లో, ఇన్నేళ్లయినా స్టేజీల మీద అవే, రెండిటి గుణం దగ్గర దగ్గర ఒకటే, ముందరుండే జాలీ గుండే పెద్ద తేడా. కాబట్టి 58 ఉంటే 57 లేదే అని బాధపడబాకండి, యాంప్ ముందర పెట్టేయండి. నకిలీ 58లు మార్కెట్లో బో ఉండాయి, మరీ చవగ్గా ఇస్తామంటే అనుమానపడండి.

వైర్ల గురించి ఒక మాట. బాడుగకి తెచ్చే మైకులకి ఒక పక్క మూడు పిన్నులు, ఇంకో పక్క పీ-38 జాక్ ఉండే వైరు ఇస్తా ఉంటారు, పెండ్లి పందిట్లో యాంప్లిఫయరుకి అది చాలు, మనకి చాలదు. ఆ వైరు పొడుగయ్యేకొద్దీ దారిలో ఉండే కరెంటు సద్దంతా పట్టుకొస్తాది, పైగా పీ-38 సాకెట్లో గుచ్చితే చాలా ఇంటర్ఫేసుల్లో మైకుకి కావలసినంత గెయిన్, అంటే సద్దు పెంచే బలం, కూడా దొరకదు. రెండు పక్కలా మూడు పిన్నులుండే వైరే కావాలని గట్టిగా అడగండి, లేదంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇప్పుడు గది. పెద్దగా ఉంటాది కదా అని కళ్యాణ మండపం అడిగి పెట్టుకుంటారు కొంతమంది. గ్రానైట్ నేల, నున్నటి గోడలు, పైన పీవోపీ సీలింగు, ఖాళీ హాల్లో చప్పట్లు ఒకసారి కొట్టి చూడండి, ఆ గంగోలు, అదే మారుమోత, ఎంతసేపుంటాదో మీ పాట అంతసేపూ దాంట్లోనే మునిగి ఉంటాది. పెండ్లి రోజు వెయ్యిమంది జనం కూర్చుంటే వాళ్ల బట్టలే సద్దుని తాగేస్తాయి, ఖాళీగా ఉన్నప్పుడు ఆ సాయం లేదు. ఇంకొందరు రేకుల షెడ్డులో పెడతారు, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, అదే కిక్కు, కొట్టినప్పుడల్లా రేకులు గలగలమంటాయి. నా లెక్కలో మిద్దెమీద సామాన్లు నిండిపోయిన గది ఉంటాదే, బీరువా, పరుపులు, పాత సోఫా, అట్టపెట్టెలు, అదే అన్నిటికంటే మంచి స్టూడియో. నేలమీద జంపఖానా పరవండి, డ్రమ్స్ వెనక గోడకి బొంతలు వేలాడదీయండి, మూలల్లో పరుపులు నిలబెట్టండి. గుడ్లట్టలు అంటించబాకండి, అవి మోత ఆపుతాయనేది ఉత్త మాట, దుమ్ము పట్టేదానికే పనికొస్తాయి.

ఫ్యాను ఆపాల. మే నెలలో తిరుపతిలో తలుపులు మూసిన గదిలో ఫ్యాను ఆపి డ్రమ్స్ కొట్టమంటే ఆ అబ్బాయి మిమ్మల్ని చూసే చూపు వేరే ఉంటాది, అయినా ఆపాల, పాటకి పాటకి మధ్య వేసుకోండి. ట్యూబులైటు చోక్ గుయ్యిమంటా ఉంటాది, ఫ్యాను రెగ్యులేటరు గిటారు పికప్పులో వినిపిస్తాది, ఇన్వర్టరు మీద నడుస్తా ఉంటే ఇంకా ఎక్కువ. ఏ టైముకి పెట్టుకోవాలంటారా, రైలు కట్ట దగ్గరుండే ఇల్లయితే ఏ టైమైనా ఒకటే, మిగతా చోట్ల మధ్యాహ్నం భోజనాలయినాక ఊరు రోంత సద్దుమణుగుతాది, అదే టైము. గంగమ్మ జాతర వారంలో మాత్రం అసలు పెట్టుకోబాకండి, ఏ వీధిలో ఎప్పుడు ఏ వేషం వస్తాదో, దాని వెనక ఎన్ని పలకలు వస్తాయో ఎవరూ చెప్పలేరు.

అసలు పని ఇప్పుడు. మొదట అన్ని మైకులూ పెట్టబాకండి. రెండే పెట్టండి, ఎడమ ఒకటి కుడి ఒకటి, బ్యాండ్ మొత్తాన్ని వినేటట్టు. రెండు ఒకే రకం కండెన్సర్లు ఉంటే ఒక స్టాండు మీదే రెండిటి మూతుల మధ్య 17 సెంటీమీటర్లు, రెండూ బయటికి చూస్తా మధ్యలో 110 డిగ్రీల కోణం, ఇది ఫ్రాన్సు రేడియో వాళ్ల కొలత, ఓఆర్‌టీఎఫ్ అంటారు, మన తలకాయలో చెవుల మధ్య దూరానికి దగ్గరగా ఉంటాది కాబట్టి హెడ్‌ఫోన్లో వింటే ఎవరు యాడ ఉండారో తెలిసిపోతాది. రికార్డరు నెత్తి మీది మైకులే వాడేటట్టయితే కోణం అదే చూసుకుంటాది, మీరు ఎత్తు చూసుకుంటే చాలు, నిలబడిన మనిషి తల కంటే రోంత పైన, బ్యాండ్ వైపు కిందికి వంచి.

అందరూ ఈ మైకుల చుట్టూ అరచందమామ మాదిరి కూర్చోవాల. డ్రమ్స్ అందరికంటే వెనక, గిటారు యాంప్ ఒక పక్క, కీబోర్డు స్పీకరు ఇంకో పక్క, బేస్ యాంప్ డ్రమ్స్ పక్కనే. యాంపులు నేలమీద పెడితే సద్దు మోకాళ్లకి తగిలి పోతాది, వాయించే ఆయనకే వినపడదు, వినపడలేదని వాల్యూము పెంచతాడు, కుర్చీ మీద ఎక్కించి ఆయన చెవి వైపు తిప్పితే తనంతట తానే తగ్గిస్తాడు. ఇది మాత్రం ఎవరితోనూ వాదించకుండా పనయ్యే చిట్కా. డ్రమ్మరుకి మామూలు కర్రలు కాకుండా సన్న పుల్లల కట్ట ఉంటాదే, హాట్ రాడ్స్ అంటారు, అవి ఇచ్చి చూడండి, చిన్న గదిలో సగం సమస్య ఆడే పోతాది.

ఇప్పుడు పాటలో ఎక్కువ గోల ఉండే చోటు ఒక నిమిషం వాయించమని రికార్డు చేయండి. అదే గదిలో ఉండి హెడ్‌ఫోన్ పెట్టుకుని బాగుందో లేదో తేల్చబాకండి, డ్రమ్స్ సద్దు హెడ్‌ఫోన్ దాటుకుని చెవిలోకి నేరుగా వస్తా ఉంటాది, మైకులో ఏముందో మీకు తెలీదు. అందరూ ఆపినాక వినండి. గిటారు ఎక్కువైతే గిటారు యాంపుని రెండడుగులు వెనక్కి జరపండి, కీబోర్డు వినపడలేదంటే స్పీకరు ముందుకి. మళ్లీ ఒక నిమిషం. మళ్లీ వినండి. నాలుగైదు సార్లు చేసేసరికి పిల్లోళ్లు విసుక్కుంటారు, టీ తెప్పించండి గానీ ఈ పని మాత్రం వదలబాకండి, మిగతాదంతా దీని మీదే నిలబడతాది.

ఇక ఆ రెండు మైకుల్లో ఏది సరిగ్గా పడలేదో దానికే మూడో మైకు. చానామటుకు అది గొంతే. నాలుగోది కిక్ డ్రమ్మో, బేసో. దూరం మైకుల్లో కిక్కు ధప్పుమని కాకుండా టక్కుమని పడతాది కాబట్టి దాని ముందర చర్మం బొక్క దగ్గర ఒక డైనమిక్ పెట్టండి, లోపల పాత దిండు ఒకటి వేయండి. బేస్ గిటారుకైతే మైకు దండగ, ఇంటర్ఫేసులో ఇన్‌స్ట్రుమెంట్ అని బటను ఉంటే అది నొక్కి వైరు నేరుగా గుచ్చేయండి, లేదంటే గిటారు వైరుని మైకు సాకెట్లో గుచ్చేదానికి వీలుచేసే డీఐ పెట్టె ఒకటి బాడుగకి తెచ్చుకోండి, హమ్, అంటే గుయ్యిమనే కరెంటు సద్దు, వస్తే దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని మీట ఉంటాది, మార్చి చూడండి. రెండిటికీ చానల్ చాలలేదంటే గొంతు ఆరోజు తీసుకోబాకండి, బ్యాండ్ మొత్తం వాయించినాక పాడే మనిషిని ఒక్కర్నే కూర్చోబెట్టి తర్వాత తీసుకోండి, ఒక చానల్ మిగలతాది.

గది అస్సలు బాలేదు, ఎంత బొంతలు కట్టినా గంగోలు పోలేదు అంటే దూరం మైకుల పద్ధతి వదిలేయాల్సిందే. మైకు వాద్యానికి దగ్గరయ్యేకొద్దీ గది సద్దు తగ్గతాది. అప్పుడు ఆ రెండు కండెన్సర్లూ డ్రమ్స్ మీదికి తెచ్చేయండి. 1960ల్లో గ్లిన్ జాన్స్ అనే ఇంగ్లండు ఇంజనీరు వాడిన పద్ధతి ఒకటుంది, పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లకి ఆయన దీంతోనే చేసినాడు. ఒక మైకు స్నేర్ డ్రమ్ముకి, అంటే డ్రమ్మరు మోకాళ్ల మధ్య ఉండే చిన్న డ్రమ్ముకి, సూటిగా పైన, సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో, కిందికి చూస్తా. రెండోది డ్రమ్మరు కుడి పక్కన, నేలమీద కాళ్లతో నిలబడే ఫ్లోర్ టామ్ డ్రమ్ము అంచుకి ఆరంగుళాలు పైన, అడ్డంగా స్నేర్ వైపు హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) వైపు చూస్తా. గుట్టంతా ఏందంటే స్నేర్ నడిమధ్య నించి రెండు మైకులకీ దూరం సరిసమానంగా ఉండాల. టేపు అక్కర్లేదు, పురికొస తీసుకోండి. ఒక కొసని స్నేర్ మధ్యలో డ్రమ్మరు వేలితో నొక్కి పట్టుకుంటాడు, ఇంకో కొస పై మైకు మూతి దాకా లాగి ఆడ ముడి వేయండి, ఆ ముడిని అట్లే తిప్పుకొచ్చి పక్క మైకు మూతికి అందేటట్టు స్టాండు జరపండి. ముడి అందినప్పుడు స్నేర్ ఎడమకీ పోదు కుడికీ పోదు, నట్టనడుమ గట్టిగా నిలబడతాది. దీనికి కిక్ మైకు ఒకటి కలిపితే మూడు మైకుల్లో డ్రమ్స్ అయిపోయినట్టే, స్నేర్ కి వేరే మైకు ఉంటే సరి, లేకపోతే లేదు. గిటారు యాంపు డ్రమ్స్ కి దగ్గరగా ఉంటే ఆ పై మైకుల్లోనే రోంత పడతాది, పడనీండి.

ఎందుకు ఇంత కొలత అంటే, సద్దు ఒక వెయ్యోవంతు సెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతాది. ఒకే స్నేర్ ని రెండు మైకులు వింటా ఒకటి 34 సెంటీమీటర్లు దూరంగా ఉంటే, రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర, 1500 దగ్గర, 2500 దగ్గర ఒకదాన్నొకటి తినేస్తాయి. డొక్కు రేడియో మాదిరి బోలుగా వినపడేది ఇందుకే, మైకు మంచిది కాదని మైకుని తిడతారు పాపం. దీన్ని తగ్గించుకునేదానికి ఒక లెక్క ఉంది, ఒక మైకు దాని వాద్యానికి ఒక అడుగు దూరంలో ఉంటే పక్క మైకు దానికి కనీసం మూడడుగులు అవతల ఉండాల. ఇంకోటి, సాఫ్టువేరులో ఒక్కో ట్రాకుకి పోలారిటీ తిప్పే, అంటే సద్దు అలని తలకిందులు చేసే, బటను ఉంటాది, అడ్డగీత గీసిన సున్నా బొమ్మ. కిక్ ట్రాకు మీద అది నొక్కి చూడండి, ఎటు పెడితే కడుపులో గట్టిగా తగలతాదో అటే వదిలేయండి. పరీక్ష మోనోలో, అంటే ఎడమ కుడి ఒకటిగా కలిపి, పెట్టి చేయాల, స్టీరియోలో ఈ దొంగతనం దాక్కుంటాది.

పలకల సంగతి వేరే చెప్పాల, ఎందుకంటే దీని గురించి యూట్యూబులో తెల్లోళ్లు ఎవరూ చెప్పరు. పలక ముఖం మైకు వైపు ఉంటే చెవులు చిల్లులు పడతాయి, అదే మనిషి పక్కకి తిరిగి పలక అంచు మైకు వైపు పెడితే సద్దు బాగా తగ్గిపోతాది, వెనక పక్క తెరిచే ఉంటాది కదా, ముందు సద్దూ వెనక సద్దూ అంచు దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి దానికి మైకూ వద్దు మీటా వద్దు, ఆయన్ని నిలబడిన చోటే రోంత రోంత తిప్పతా పోండి, సరిపోయిన చోట కాళ్ల కింద సుద్దముక్కతో గీత గీయండి. ఇంకో సంగతి, పలకని నిప్పు చూపించి కాస్తారు, కాచినాక చర్మం బిగిసి కంగుమంటాది, చల్లారేకొద్దీ శృతి జారిపోతాది. బ్యాండ్ పిల్లోళ్లు గిటారు శృతి చేసుకుంటా అర్ధగంట కూర్చుంటే ఆయన పలక చల్లారిపోయి ఉంటాది. అందరూ రెడీ అయినాకే మిద్దెమీదో వాకిట్లోనో కాచుకుని రమ్మనండి, వచ్చీ రాగానే రికార్డు నొక్కండి. ఒకే పాటని రెండు ముక్కలుగా తీసి అతికించాలనుకుంటే రెండు ముక్కలకీ ముందు కాచాల, లేకపోతే అతుకు దగ్గర తెలిసిపోతాది.

నాదస్వరం పెట్టుకునేవాళ్లకి కూడా ఒక మాట. కింద గంట మాదిరి ఉండే అణసు దగ్గర మైకు పెట్టేస్తా ఉంటారు, సద్దంతా ఆడినించే రాదు, వేళ్లు పెట్టే రంధ్రాల నించి కూడా వస్తాది. మూడు నాలుగడుగులు దూరంగా, వాద్యం నడుము వైపు చూసేటట్టు పెట్టండి. దానికి దగ్గర మైకు అవసరమే రాదు, గొంతు మైకులో కూడా పడతా ఉంటాది చూడండి.

గొంతు. 58 మాదిరి కార్డియాయిడ్ మైకు వెనక పక్క చెవిటిది, ముందర వింటాది. కాబట్టి మైకు వీపు డ్రమ్స్ వైపు, మూతి పాడే మనిషి వైపు, అంటే పాడే మనిషి డ్రమ్మరుని చూస్తా పాడాల. స్టేజీ మీద అలవాటు జనాన్ని చూసి పాడేది కదా, అట్లా నిలబడితే మైకు మూతి నేరుగా సింబల్స్ వైపు తిరుగుతాది. పాడే మనిషి వెనక గోడకి కూడా ఒక బొంత వేలాడదీయండి, మైకు చూసేది ఆ గోడనే. మూతికి మూడు నాలుగంగుళాలు చాలు, మరీ ఆనించి పాడితే గొంతులో లావు పెరగతాది, దూరం జరిగితే డ్రమ్స్ వచ్చేస్తాది. వినేదానికి స్పీకరు మానిటరు పెట్టబాకండి, అది మళ్లీ అన్ని మైకుల్లోకి దూరతాది, హెడ్‌ఫోన్లు ఇవ్వండి, నాలుగు జతలు గుచ్చుకునే చిన్న స్ప్లిటరు చవగ్గానే దొరకతాది.

లెవెల్ దగ్గర ఆశపడబాకండి. 24 బిట్లో పెట్టుకోండి, 48 కిలోహెర్ట్జ్, మీటరు ఎక్కువలో ఎక్కువ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేటట్టు చూసుకోండి, ఎందుకంటే టెస్టులో ఎంత గట్టిగా వాయించినా అసలు టేకులో పిల్లోళ్లు ఇంకా గట్టిగా వాయిస్తారు, ఇది ఖాయం. తక్కువ పడితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. రెండు ట్రాకులకి గంటకి సుమారు ఒక జీబీ, నాలుగిటికి రెండు జీబీ పడతాది, కార్డు ముందే చూసుకోండి. గుయ్యిమనే 50 హెర్ట్జ్ హమ్ వస్తే అన్ని యాంపులూ, ల్యాప్‌టాపూ ఒకే ప్లగ్గు నించి తీసిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి, చానాసార్లు ఆడే పోతాది. పోలేదంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి. ఎర్త్ పిన్ను విరిచే పని మాత్రం ఎవరు చెప్పినా చేయబాకండి, గిటారు తీగలు పట్టుకుని ఇనప మైకుకి మూతి ఆనించే మనిషికి షాకు కొడతాది.

ఫోన్లో వీడియో కూడా తీస్తా ఉంటారు ఎట్లాగూ. ఫోను మైకుని నమ్ముకోబాకండి, కిక్కు కొట్టినప్పుడల్లా అది తనంతట తానే అన్నిటినీ తగ్గించేస్తాది, పాట ఊపిరి తీసుకున్నట్టు ఎగసి పడతా ఉంటాది. అన్నీ రికార్డు అవుతా ఉన్నాయని చూసుకుని కెమెరాకి కనపడేటట్టు ఒక్క చప్పట్టు కొట్టండి, ఎడిటింగులో రెండిటినీ కలిపేదానికి అదే గుర్తు. ప్రతి పాటకీ మళ్లీ కొట్టండి, ఫోను గడియారం రికార్డరు గడియారం ఒకే వేగంతో నడవవు, గంటసేపు ఏకంగా వదిలేస్తే చివరికి పెదాలు ఒకటి మాట ఒకటి అయిపోతాది.

పాట అయిపోయినాక చివరి సింబల్ పూర్తిగా ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు, అబ్బ భలే వచ్చింది మచ్చా అనే మాటే ఎన్ని మంచి టేకుల తోక కత్తిరించేసిందో. ఆ తర్వాత ఇంకో అర్ధ నిమిషం ఖాళీ గది సద్దు రికార్డు చేసి పెట్టుకోండి, అతుకులు వేసేటప్పుడు మధ్యలో పరిచేదానికి పనికొస్తాది.

అన్ని పాటలూ అయినాక సౌండు సర్వీసు ఆయన వచ్చి వైర్లు చుట్టేస్తా ఉంటాడు, ఆయనకి రాత్రి చంద్రగిరిలో ఇంకో ఫంక్షను ఉంటాది, తొందర ఆయనది. అయినా కార్డులో ఉన్నదంతా ల్యాప్‌టాపులోకి ఒకసారి, పెన్‌డ్రైవులోకి ఒకసారి కాపీ చేసి, ప్రతి పాటా మొదలు, మధ్య, చివర తెరిచి వినేదాకా ఒక్క స్టాండు కూడా కదలనీబాకండి. ఏదైనా ట్రాకు ఖాళీగా ఉందని తేలితే పురికొస కొలతలూ సుద్దముక్క గీతలూ యాడివి ఆడే ఉంటాయి, ఆ ఒక్క పాట మళ్లీ వాయించేదానికి పది నిమిషాలు చాలు.